గఫూర్ కుడిచెయ్యి

మా అన్న చెంగల్రాయుడు పోయాక, దివసాల నాడు చిత్తూరు పక్కన మా ఊళ్ళో షామియానా కింద భోజనాలకు కూర్చున్నవాళ్ళు ఒకటే మాట చెప్పుకున్నారు. "తాను పది తప్పినా సెల్లెల్ని తిరపతిలో ఎమ్మెస్సీ సదివించినాడప్పా. అట్లాంటి అన్న యాడుంటాడు?" అని ఒకాయన అంటే, పక్కాయన ఆకులోంచి తలెత్తి, "మునిలక్ష్మి లెక్చరరమ్మ అయ్యిందంటే ఆయప్ప సలవే" అన్నాడు. నేను కూరగిన్నె పట్టుకుని వాళ్ళ ముందే ఉన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు కాబట్టి కాదనడానికీ లేదు. అన్న నా చదువు కోసం ఏం చేశాడో తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నోరు తెరిస్తే అన్న జైలుకు పోతాడు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ సాకు కూడా అన్నతోపాటే పోయింది.

మాది బెల్లం వండే ఇల్లు. ఇంటి వెనక చెరకు గానుగ, దాని పక్కన మనిషి పడుకునేంత వెడల్పు ఇనుప పెనం, కింద పొయ్యిలో చెరకు పిప్పి. బెల్లం కాలం మొదలైతే నెలల తరబడి ఇల్లంతా పాకం వాసనే, జుట్టుకూ దుప్పట్లకూ నా పుస్తకాలకూ కూడా. ఆ వాసనకు అందరికీ నోరూరుతుందంటారు. నాకు వీపు మండుతుంది. నాయనకు కొట్టడానికి కారణం అక్కర్లేదు, చేతికి ఏదో ఒకటి అందితే చాలు. పాకం ముదిరితే అమ్మను కొట్టేవాడు, లేతగా దిగితే అన్నను కొట్టేవాడు, వాన పడి పిప్పి తడిస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్ళను కొట్టేవాడు. చెరకు గడతో, ఎద్దుల ముల్లుగర్రతో, పాకం కలిపే తెడ్డుతో. ఒకసారి ఉడుకుతున్న పెనంలోంచి తీసిన తెడ్డుతోనే అమ్మ మోచేతి మీద కొట్టాడు. పాకం చర్మానికి అంటుకుంది. అమ్మ దాన్ని పెరికితే దాంతోపాటు చర్మమూ వచ్చింది. ఆమె అరవలేదు, మడ్డి తీయడం ఆపలేదు. ఆపితే పాకం చెడుతుంది, దానికి మళ్ళీ దెబ్బలు పడతాయి. సాయంత్రం ఆ చేత్తోనే నాయనకు సంగటి ముద్ద చేసి పెట్టింది. నాయన తిని, పచ్చడిలో ఉప్పు సరిపోయిందన్నాడు.

అన్న పదో తరగతి తప్పిన రోజు నాయన అతన్ని గానుగ పక్కన స్తంభానికి కట్టి, ఎన్ని గడలు విరుగుతాయో లెక్కపెట్టమని నన్ను నిలబెట్టాడు. నాలుగు దాకా లెక్కపెట్టి ఏడ్చాను. ఏడ్చినందుకు ఐదోది నాకు పడబోతే అన్న కట్లతోనే వంగి భుజం అడ్డం పెట్టాడు. నాకు రావాల్సిన దెబ్బల్లో సగం ఆ వీపు మీదే పడ్డాయి. ఇంత తిన్నవాడు మెత్తగా తయారవుతాడనుకుంటాం. మా అన్న అలా తయారు కాలేదు. కొట్టడమొక్కటే నాయన నేర్పిన విద్య కాబట్టి ప్రేమ కూడా దాంతోనే చూపించాలనుకున్నాడు. హైస్కూల్లో ఒకడు నా జడ పట్టి లాగితే, అన్న వాడి ముందుపన్ను రాలగొట్టి, ఆ పన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. దాని మొదట్లో ఇంకా నెత్తురు ఉంది. "ఇంగ నీ జోలికి రాడులే అమ్మణ్ణీ" అన్నాడు. నాకు సంతోషం వేసింది. ఇప్పుడు సిగ్గేస్తోందని రాయడం సులువే కానీ, ఆ రోజు వేసింది సంతోషమే.

బీఎస్సీ అయ్యాక తిరుపతిలో విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. నాయన పెనం పక్కన నిలబడి తీర్పు చెప్పాడు. "ఒక్క సంవచ్చరం పంపిస్తా. ఆ మెరిట్టో గిరిట్టో వస్తే రెండోది సదువుకో. రాకుంటే వచ్చి ఈడ తెడ్డు పట్టుకో." ఆ మెరిట్ స్కాలర్‌షిప్ డిపార్ట్‌మెంటుకు ఒక్కటే. మొదటి సంవత్సరం పరీక్షల్లో అందరికంటే ముందున్నవాళ్ళకు రెండో సంవత్సరం ఫీజూ హాస్టలూ భోజనమూ అన్నీ దాంట్లోనే. రెండోవాళ్ళకు చప్పట్లు. మిగతా పిల్లలకు అది గౌరవం. నాకు అది వస్తే ఆ ఇంటి నుంచి విడుదల, రాకపోతే అమ్మ మోచేతి లాంటి మోచెయ్యి. హాస్టల్లో మొదటి వారం, గదిలో ఉన్న అమ్మాయి తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తినప్పుడల్లా నేను తల వంచేసేదాన్ని. ఆమె నవ్వి, కొట్టనులే అనేది. ఎవరూ కొట్టని గదిలో నిద్ర ఎంత బాగా పడుతుందో నాకు అప్పుడే తెలిసింది.

అడ్డం గఫూర్ ఒక్కడే. వాళ్ళ నాయనది తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర సందులో టైలర్ అంగడి. చూపు మందగించిన తండ్రికి పొద్దున గుడ్డలు కత్తిరించి ఇచ్చి, గఫూర్ చొక్కాకు దారం పోగులతోనే క్లాసుకు వచ్చేవాడు. వచ్చి, మేం రెండు రోజులు గింజుకున్న లెక్కను ఎడమచేత్తో బోర్డు మీద నాలుగు వరుసల్లో తేల్చేసేవాడు. ఆ స్కాలర్‌షిప్ అతనికీ కావాలి. అది లేకపోతే అతను రెండో ఏడాదికి రాలేడని క్లాసంతా ఎరుగుదురు. మేమేమీ బుద్ధిమంతులం కాదు. లైబ్రరీలో ఒక్క కాపీ ఉన్న పుస్తకంలోంచి కావాల్సిన అధ్యాయం బ్లేడుతో కోసుకుపోయేవాళ్ళు, కొత్త పుస్తకాన్ని తీసుకెళ్ళి చరిత్ర అరల వెనక దాచేవాళ్ళు. నేనూ రెండు అధ్యాయాలు కోశాను. ఒకటి గఫూర్ అడుగుతున్న వారంలోనే కోశాను. అతను మాత్రం తన నోట్సు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేవాడు. అందుకే అతనంటే నాకు ఇంకా మంట.

పరీక్షలకు ముందు సెలవుల్లో ఇంటికి పోయాను. మా ఇంట్లో తిట్టు ఉప్పు లాంటిది, అది పడకుండా ఏ మాటా ఉడకదు. నీ నోరు పడిపోను, నీ కాళ్ళు ఇరగ, నీ పాడె గట్ట అని అమ్మ కోళ్ళనూ తిట్టేది, మమ్మల్నీ తిట్టేది, పొయ్యి రాజుకోకపోతే దాన్నీ తిట్టేది. ఎవరి కాళ్ళూ విరగలేదు. చదువు ఎట్లుందని అన్న అడిగితే నేనూ ఆ భాషలోనే చెప్పాను. "ఆ టైలర్ కొడుకు గఫూర్ ఉన్నంతసేపూ నాకు రాదన్నా. వాని సెయ్యి పడిపోను. వాని సెయ్యి పడిపోతే తప్ప నాకు రాదు." అన్న చెరకు నరుకుతున్నాడు. కత్తి ఆపి, "యాడుంది ఆ అంగడి?" అని అడిగాడు. ఊరికే అడుగుతున్నాడనుకుని సందు పేరు చెప్పాను. అలా అనుకున్నానని నాకు నేను చెప్పుకుంటాను. పన్ను తెచ్చి చేతిలో పెట్టిన అన్న దగ్గర ఊరికే అన్నమాట ఏదీ ఉండదని నాకు తెలియదా?

మొదటి పరీక్షకు రెండు రోజుల ముందు, గఫూర్‌ను ఎవరో కొట్టారని, చెయ్యి విరిగిందని హాస్టల్లో చెప్పుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం అన్న హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు, టవల్‌లో వేరుశెనగ పాకం ఉండలు కట్టుకుని. ముఖం వెలిగిపోతోంది. "అమ్మణ్ణీ, ఇంగ నువ్వు దిగులు లేకుండా రాసుకో" అన్నాడు. ఒక పూటంతా టీ అంగట్లో కూర్చుని గఫూర్‌ను చూశాడట. నడిమధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి గఫూర్ వెనక సందులోకి తిరగగానే, ముఖానికి టవల్ చుట్టుకుని వెనకాలే పోయాడట. "బోర్లా పడేసి, మోకాలు వీపు మీద పెట్టినా. సెయ్యి రాతి మెట్టు మీద పరిచి, టాక్టరు టైరు లివరుతో మూడు ఏసినా. మొదటి దానికి అరిసినాడు. రెండోదానికి అరుపు రాలే. మూడోదానికి యముక సప్పుడు నాకే ఇనపడింది." ఇదంతా పాకం ఉండల మూట విప్పుతూ చెప్పాడు.

నేను గేటు ఊచలు పట్టుకున్నాను. "ఏ సెయ్యన్నా?" అన్నాను.

"కుడిసెయ్యే."

"వాడు రాసేది ఎడమచేత్తోనన్నా."

అన్న నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎట్లా? కత్తెర కుడిసేత్తోనే పట్టినాడే. టీ అంగట్లో బన్ను గూడా కుడిసేత్తోనే తిన్నాడు. నేను సూడకుండా ఎందుకు కొడతా?"

కత్తెరలన్నీ కుడిచేతివాళ్ళ కోసం చేసినవే. ఎడమచేత్తో తింటే వాళ్ళ నాయనమ్మ చేతి మీద గరిటెతో వాతలు పెట్టి మాన్పించిందని గఫూరే ఒకసారి చెప్పాడు. రాయడమొక్కటే ఎవరూ మాన్పించలేదు. ఇది మా అన్నకు చెబుతుంటే నాకు నవ్వు వచ్చింది. ఒక మనిషి ఎముకలు మూడు చోట్ల విరగ్గొట్టి వచ్చిన వాడి ముందు నిలబడి, పమిట నోట్లో కుక్కుకుని నవ్వాను. అన్నకు రోషం వచ్చింది. టవల్ దులిపి భుజాన వేసుకుని, "ఉండు, రెండోది గూడా సూసి వస్తా" అన్నాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. గేటు బయటికి పరుగెత్తి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. వద్దన్నా, నా మీద ఒట్టు అన్నాను. చాలాసేపటికి, "సర్లే, గమ్మునుండు" అని వెళ్ళిపోయాడు. ఈ కథ మొత్తంలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

గఫూర్ పరీక్షకు వచ్చాడు. వేళ్ళ నుంచి భుజం దాకా కట్టు, పెదవి పగిలి నల్లబడింది, కూర్చునేటప్పుడు నొప్పికి కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఎడమచేత్తో పెన్ను తీసి, ఎప్పటిలాగే అందరికంటే ముందు అదనపు కాగితాలు అడిగాడు. కట్టులోంచి నెత్తురు ఊరి బెంచీ మీద మరక పడితే మోచేత్తో తుడుచుకుని రాశాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. రెండు వరుసల వెనక కూర్చుని, ఇతను ఇంకా ఎన్ని కాగితాలు అడుగుతాడో అని మాత్రమే నేను చూస్తున్నాను.

ప్రాక్టికల్స్ దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి తెలిసింది. టైట్రేషన్ రెండు చేతుల పని. ఒక చేత్తో పైనున్న బ్యూరెట్ గాజుగొట్టం మర తిప్పుతూ ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదలాలి, రెండో చేత్తో కింద ఫ్లాస్కును ఆపకుండా ఊపాలి. రంగు తిరిగిన బొట్టు దగ్గరే ఆపాలి, ఒక్క బొట్టు ఎక్కువైతే లెక్కంతా తప్పు. గఫూర్ కొంచెం వదలడం, మర కట్టేసి అదే చేత్తో ఫ్లాస్కు ఊపడం, మళ్ళీ మర తిప్పడం. ప్రతిసారీ రంగు దాటిపోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కాసేపు చూసి, మంచి మనిషి, "పక్కవాళ్ళలో ఎవరిదన్నా అయిపోయుంటే వచ్చి ఫ్లాస్కు పట్టుకోండమ్మా, రీడింగ్ అతనే తీసుకుంటాడు, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. పక్క బెంచీ నాది. మూడు రీడింగులూ సరిగ్గా కలిశాయి, కాగితం మీద రాసేశాను కూడా. గఫూర్ నా వైపు తిరిగి, "మునిలక్ష్మీ, రొంతసేపు ఊపుతావా?" అని అడిగాడు. "నాది ఇంకా కాలేదు గఫూర్" అన్నాను. అబద్ధం అతుకుపడాలని బ్యూరెట్ మళ్ళీ నింపుకుని, అయిపోయిన ప్రయోగాన్ని మళ్ళీ మొదలుపెట్టాను. అతను పర్వాలేదన్నట్టు తల ఊపి తన పనిలో పడ్డాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. అన్న కొట్టిన మూడు దెబ్బలూ గురి తప్పాయి. తప్పనిది నాది.

రాత పరీక్షల్లో గఫూర్ ఫస్ట్. ప్రాక్టికల్స్ కలిపితే నేను ఫస్ట్, కొద్ది మార్కుల తేడాతో. నోటీసు బోర్డు దగ్గర గఫూర్ నాకు శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోయాడు, మళ్ళీ యూనివర్సిటీకి రాలేదు. కబురు విని నాయన ఆ పూట ఎవరినీ కొట్టలేదని అమ్మ చెప్పింది. అన్న ఆ మాట ఎత్తినప్పుడల్లా నవ్వి, "ఏదో ఒక సెయ్యి పనికొచ్చినాదిలే" అనేవాడు. నేను చదివాను, కాలేజీలో ఉద్యోగం చేశాను, వేల మంది పిల్లలకు టైట్రేషన్ నేర్పించాను. ఒక చేత్తో మర, ఒక చేత్తో ఫ్లాస్కు అని చెప్పే ప్రతిసారీ బోర్డు వైపు తిరిగేదాన్ని. ఇప్పుడు స్కాలర్‌షిప్‌ల జాబితాలు ఫోన్‌లోనే వస్తాయి, ఎవరు ముందో ఎవరు వెనకో గదిలో కూర్చునే తెలుసుకుంటారు. నాతో రిటైరైనవాళ్ళు సాయంత్రం నడకకు వచ్చి, ఈ కాలం పిల్లలకు పోటీ తప్ప మానవత్వం లేదండీ, మన రోజుల్లో ఎంత స్నేహంగా ఉండేవాళ్ళం అంటారు. నాకైతే మన రోజుల్లో అనేవాళ్ళందరూ ఎవరో ఒకరి ఫ్లాస్కు పట్టుకోకుండా వచ్చినవాళ్ళేనేమో అనిపిస్తుంది. ఇప్పటి పిల్లలు కనీసం పోటీ పడుతున్నామని ఒప్పుకుంటారు.

దివసాలు అయిన వారానికి తిరుపతి పోయి ఆ సందులో విచారించాను. టైలర్ అంగడి పోయి లాడ్జి వచ్చింది. గఫూర్ రేణిగుంటలో ఏదో గోడౌన్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడని, ఇల్లు అక్కడేనని ఒకాయన చెప్పాడు. పట్టాల పక్కన రెండు గదుల ఇల్లు. గఫూర్ నన్ను గుర్తుపట్టి, "మునిలక్ష్మీ, నువ్వేనా?" అని నవ్వుతూ లేచి కుర్చీ వేశాడు. కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకోవు. ఆ చేత్తోనే కుర్చీ తుడిచాడు. వాళ్ళావిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే నేను చెప్పేశాను, తిట్టు నుంచి టైరు లివరు దాకా అంతా. అతను చివర్లో రెండే అడిగాడు.

"ప్రాక్టికల్స్ నాటికి నీకు తెల్సా?"

"తెల్సు."

"నీది అప్పటికే అయిపోయినాదా?"

"అయిపోయింది."

తిడతాడనుకున్నాను. కొడితే పడదామనుకున్నాను. క్షమిస్తాడేమోనన్న ఆశ కూడా ఏ మూలో ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గఫూర్ గోడ వైపు తిరిగాడు. "మరి శీనయ్య?" అన్నాడు. శీనయ్య ఎవరో నాకు తెలియదు.

"మా పక్కంగడి ఆయప్ప. గుండీలు, దారాలు అమ్మేవాడు. నన్ను ఎత్తుకోని పెంచినాడు. అంగడి ముందర రేకులు దింపే కాడ మా నాయనకూ ఆయప్పకూ మాటామాటా వచ్చి, మీ సేతులు ఇరగ్గొడతా అన్నాడు, కోపంలో. మర్నాడే నా సెయ్యి ఇరిగినాది. ఆయప్పే మనిషిని పెట్టి కొట్టించినాడనుకోక ఇంగెవరనుకోవాల? నేను కాదు సాయిబూ, తానం చేసి తడి పంచెతో కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చేస్తా రా అన్నాడు ఆయప్ప. నీ దేవుడితో నాకేం పని అని మా నాయన ఆయప్ప మొగం మీద ఉమ్మినాడు. ఆయప్ప ఒక్కడే పోయి ప్రమాణం చేసొచ్చినాడు. మేం నమ్మలే. నేను నమ్మలే. సచ్చే ముందర నన్ను సూడాలని కబురు పెడితే, సావనీ అని చెప్పి పంపించినా."

వాళ్ళావిడ టీ తెచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. గఫూర్ లేచి ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని కుర్చీలోంచి లాగాడు. గాజు ఒకటి చిట్లి గుచ్చుకుంది. "నాకు సెప్పి సేతులు కడుక్కుందామని వచ్చినావా? ఆయప్ప కూతురు ఇంగా ఆడనే అంగడి పెట్టుకోని ఉండాది. పద" అన్నాడు. చెప్పులు వేసుకోనివ్వలేదు. ఆటో ఆపి నన్ను లోపలికి తోసి, రేణిగుంట నుంచి తిరుపతి దాకా ఆ చెయ్యి వదలలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి, గాజు దిగిన చోట నెత్తురు అతని చొక్కా చేతికి అంటుతోంది. ఆటో డ్రైవర్ అద్దంలో చూసి, "ఏంది పెద్దాయనా, ఆయమ్మను అట్లా పట్టుకోనుండావు?" అని అడిగాడు. నేనే, "నువ్వు పోనీ నాయనా" అన్నాను.

అంగడి చిన్నది. గుండీల డబ్బాల మధ్య యాభై దాటిన ఆడమనిషి దారపు ఉండలు సర్దుతోంది. గఫూర్‌ను చూసి ఆమె ముఖం గట్టిపడింది. "మా అంగట్లోకి నువ్వెందుకు వచ్చినావు?" అంది. గఫూర్ నన్ను ముందుకు నెట్టి, మణికట్టు అప్పుడు వదిలి, "ఈమె సెప్తాది" అన్నాడు.